శీనుగాడికి: నేను ఓటేశానురా!

శాన్ ఫ్రాన్సిస్కో
24 నవంబరు 2024, ఆదివారం

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. దసరాకి రాస్తానన్నాను, దీపావళి కూడా వెళ్ళిపోయింది. నువ్వు పంపిన వాయిస్ మెసేజీలు అన్నీ విన్నాను, ఆ రెండోది బస్సులో విని పకపకా నవ్వితే పక్క సీటామె లేచి వెళ్ళి ఇంకో చోట కూర్చుంది. జవాబు ఎందుకివ్వలేదంటే, ఈ విషయం ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పేది కాదు. తీరిగ్గా రాయాలి అనుకుంటూ అనుకుంటూ ఇక్కడికొచ్చింది.

ఇక్కడంతా కులాసా. అమ్మ మోకాలు బాగుంది, తమ్ముడు చెప్పే ఉంటాడు. సుజాత కొత్త ఉద్యోగంలో చేరింది. చిన్నది రెండో తరగతి, ముందు పళ్ళు లేవు. మా ఆఫీసులో మళ్ళీ కొందరిని తీసేశారు, నన్ను ఉంచారు. కబుర్లు అయిపోయాయి.

అసలు సంగతి. నేను అమెరికాలో ఓటేశాను.

నవ్వకు. దొంగ ఓటు కాదు. దొంగ ఓటంటే హాస్టల్ సెక్రటరీ ఎలక్షన్లో సైకిల్ చైన్ సత్యం కోసం నువ్వు వేశావే, అది. ఇది చట్టప్రకారం, నా సొంత పేరుతో, నా సొంత సంతకంతో. ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నాను, గ్రీన్‌కార్డు క్యూ కదల్లేదు, అది మన పిల్లల పెళ్ళిళ్ళకి వస్తే గొప్ప. అయినా ఓటేశాను.

ఎలాగంటే, ఈ ఊళ్ళో స్కూల్ బోర్డు (ఊరి ప్రభుత్వ బళ్ళని నడిపే సభ) ఎన్నికలకి మాత్రం పౌరసత్వం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు నిండి, ఊళ్ళోనే ఉంటూ, పంతొమ్మిదేళ్ళలోపు పిల్లలకి తల్లో తండ్రో సంరక్షకుడో అయితే చాలు. 2004లో ఒకసారి, 2010లో ఇంకోసారి ఇదే ప్రతిపాదన జనం ముందుకి వచ్చి ఓడిపోయింది. 2016లో ప్రపోజిషన్ ఎన్ అని మళ్ళీ పెడితే నెగ్గింది. 2018 నవంబరులో మొదటిసారి అమలైతే నమోదైనవాళ్ళు వందమంది కూడా లేరు! 2022లో ఒక జడ్జి ఇది చెల్లదని కొట్టేశాడు, పైకోర్టు ఆ తీర్పుని ఆపింది, 2023 ఆగస్టులో చెల్లుతుందని తేల్చేసింది. ఇన్నేళ్ళుగా ఇక్కడుంటూ నాకివేమీ తెలియవు. మొన్న సెప్టెంబరులో కూరగాయల సంతలో ఒకమ్మాయి కరపత్రం ఇవ్వబోతే, నేను సిటిజన్ని కాదమ్మా అని తప్పుకోబోయాను. "పిల్లలున్నారా?" అంది. ఉన్నారన్నాను. "అయితే ఓటుంది" అంది. చేతిలో బెండకాయల సంచీతో అక్కడే నిలబడిపోయాను.

నీకు తెలుసుగా నా ఓటు కథ. ఊరొదిలాక మన బూత్ లిస్టులోంచి పేరు ఎగిరిపోయింది. ప్రవాసీ ఓటరుగా నమోదు చేసుకోవచ్చు గానీ వెయ్యడానికి మనిషి స్వయంగా అక్కడికి రావాలి. మే 13న నువ్వు ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఈవీఎం పెట్టె పక్కన చెమటలు కక్కుతున్నప్పుడు నేనిక్కడ అర్ధరాత్రి దాకా టీవీ చూస్తున్నాను. అక్కడ లేదు, ఇక్కడ లేదు. పన్ను మాత్రం ప్రతి జీతంలోనూ కోస్తారు.

సరే, ఇంటికొచ్చి సుజాతకి చెప్పాను. అప్పుడు మొదలైంది.

నమోదు ఫారం మీద ఒక హెచ్చరిక ఉంటుంది. నువ్విచ్చే పేరూ చిరునామా ఇమిగ్రేషన్ వాళ్ళ చేతికి వెళ్ళే అవకాశం ఉంది, ఇచ్చేముందు లాయర్ని సంప్రదించుకో అని. ఓటెయ్యమని పిలిచే కాగితమే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకో అంటుంది! సుజాత ఆ పేరా చదివి ఫారం మడిచి ఫ్రిజ్ మీద పెట్టేసింది. "ఇన్నేళ్ళు క్యూలో నిలబడ్డాం. ఒక్క గీత కోసం అదంతా నీళ్ళపాలు చేసుకుంటావా?" అంది. తప్పేమీ కాదే, చట్టమే ఇచ్చింది అన్నాను. "చట్టం ఈ ఊరిది. వీసా ఇచ్చింది ఈ ఊరు కాదు" అంది. నా దగ్గర జవాబు లేదు. నిజంగా మంచి పాయింటు.

లాయర్ని అడిగాను. పావుగంట ఫీజు తీసుకుని, తప్పులేదండీ, కానీ నేనైతే... అని ఆగిపోయాడు. ఆ "కానీ నేనైతే" తరవాత ఏముందో ఇప్పటికీ చెప్పలేదు. నేనే వెతికితే ఒకటి దొరికింది. సిటిజన్‌షిప్ దరఖాస్తులో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా" అని ఒక ప్రశ్న ఉంటుంది. ఈ ఏడాది ఏప్రిల్లో వచ్చిన కొత్త ఫారంలో దాని కిందే ఒక వాక్యం చేర్చారు. పౌరులు కానివాళ్ళకి హక్కున్న స్థానిక ఎన్నికలో మాత్రమే చట్టబద్ధంగా ఓటేసుంటే "లేదు" అని రాయొచ్చట. అది ప్రింటు తీసి ఫ్రిజ్ మీదే పెట్టాను, ఫారం పక్కన. రెండ్రోజులు రెండు కాగితాలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చున్నాయి.

ఇంత పట్టుదల ఎందుకని అడుగుతావు. బడి గురించిరా. నువ్వు 117 జీవో వచ్చినప్పుడు మూడు, నాలుగు, అయిదు తరగతులు తీసుకెళ్ళి హైస్కూల్లో కలిపితే చిన్నపిల్లలు ఎలా నడుస్తారని ఎంత అరిచావో గుర్తుందా? నేనప్పుడు ఊఁ కొట్టాను గానీ బుర్రకెక్కలేదు. అదే సంగతి నా గుమ్మం ముందుకి వచ్చాక ఎక్కింది. ఈ ఊళ్ళో ఇళ్ళ అద్దెలకి పిల్లలున్నవాళ్ళు నిలబడలేరు. పిల్లలకన్నా కుక్కలెక్కువ అని ఊరి జనమే అంటారు. బళ్ళలో పిల్లలు తగ్గిపోయారు, పిల్లల లెక్కన వచ్చే డబ్బూ తగ్గింది, వచ్చే ఏడాదికి 10 కోట్ల డాలర్ల పైచిలుకు లోటు. రాష్ట్రప్రభుత్వం వచ్చి లెక్కలు చూస్తోంది. అందుకని కొన్ని బళ్ళు మూసేస్తామన్నారు. ఏవేవో సెప్టెంబరులో చెబుతామన్నారు, అక్టోబరుకి నెట్టారు. ఆ నెలంతా మా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు చూడాల్సింది! రోజుకో లిస్టు, రోజుకో పుకారు. మా చిన్నదాని బడి ఉందంటారు, లేదంటారు. లాటరీలో వచ్చిన సీటు మాది. ఇక్కడ ఇంటి పక్క బడి అని ఏమీ రాసిపెట్టి ఉండదు, కోరికలు వరసగా రాసిస్తే లాటరీ ఎక్కడ పడేస్తే అక్కడ. అదృష్టం బాగుండి దగ్గర్లోనే పడింది. అది పోతుందంటే టెన్షన్ రాదా?

అక్టోబరు 8న లిస్టు వచ్చింది. మాది లేదు. కాళ్ళలోకి ప్రాణం వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది కూడా. ఎందుకంటే మా వీధి చివర ఉండే చైనా కుటుంబం పిల్లాడి బడి ఆ లిస్టులో ఉంది. అందులో స్ప్రింగ్ వ్యాలీ అని 1852 నాటి బడి కూడా ఉంది. ఆ బడి కథ తెలుసా? 1884లో మేమీ టేప్ అనే చైనా పిల్లని చేర్చుకోం పొమ్మన్నారు. వాళ్ళమ్మానాన్నా కోర్టుకెళ్ళారు, 1885లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచారు. గెలిస్తే ఏం చేశారనుకున్నావ్? బోర్డు హడావిడిగా చైనా పిల్లలకి వేరే బడి పెట్టి ఆ పిల్లని అందులోకి తోసింది. స్కూల్ బోర్డంటే ఏమిటో నాకు ఆ కథ చదివాకే అర్థమైంది.

లిస్టు వచ్చాక ఊళ్ళో గోల చూడాలి. మేయరమ్మ లండన్ బ్రీడ్ ఆపేయమంది (ఆవిడకీ అదే నవంబరులో ఎన్నిక, ఊరికే అనలేదు). పది రోజులకి ఊరి బళ్ళన్నిటికీ పెద్ద, సూపరింటెండెంట్ మాట్ వేన్ రాజీనామా చేశాడు. ఆయన స్థానంలో మరియా సూ వచ్చింది, మూసివేతలు ఆగాయి. లోటు మాత్రం ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. అది ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఈ ఊరి బోర్డు ఇదివరకు వెలగబెట్టింది కూడా చెప్పాలి. కరోనాకి బళ్ళన్నీ మూతబడి పిల్లలు ఇళ్ళలో స్క్రీన్లకి అతుక్కుపోయి ఉంటే, 2021 జనవరిలో వీళ్ళు కూర్చుని 44 బళ్ళకి పేర్లు మార్చాలని తీర్మానం చేశారు. వాషింగ్టన్ వద్దట, లింకన్ వద్దట! తరవాత వెనక్కి తీసుకున్నారనుకో. లోవెల్ అనే పేరున్న హైస్కూల్లో మార్కుల మీద ప్రవేశం తీసి లాటరీ పెట్టారు. చైనా తల్లిదండ్రులు భగ్గుమన్నారు. 2022 ఫిబ్రవరిలో ముగ్గురు సభ్యుల్ని రీకాల్ ఓటుతో ఇంటికి పంపించారు. మధ్యలోనే దించెయ్యడంరా! మనకి అలాంటిదుంటే మన వార్డు పరిస్థితి... సరే, ఆయన పోయాడు, పోయినవాళ్ళ గురించి వద్దు.

ఏడుగురు సభ్యులు, నెలకి 500 డాలర్ల భత్యం. ఈ ఊళ్ళో ఆ డబ్బుకి నెలంతా కారు పార్క్ చేసుకోవడం కూడా కష్టమే. దానికోసం ఈసారి నాలుగు స్థానాలకి పదకొండుమంది నిలబడ్డారు. ఒక్కొక్కళ్ళ గురించీ చదివాను, ఎంసెట్‌కి కూడా అంత చదవలేదు. లోటు ఎలా పూడుస్తారని ఒక్కళ్ళూ సూటిగా రాయలేదు. అందరికీ పిల్లలే ముఖ్యమట.

ఫ్రిజ్ మీద నుంచి ఫారం ఎవరు తీశారో తెలుసా? సుజాతే. ఒక రాత్రి గిన్నెలు సర్దుతూ, "ఆ లిస్టులో మన బడి ఉంటే నువ్వేం చేసేవాడివి?" అంది. మీటింగుకెళ్ళి అరిచేవాణ్ణి అన్నాను. "అరిచేకన్నా ఇదే నయం" అని నా చేతిలో పెట్టింది. తను మాత్రం నమోదు చేసుకోలేదు. ఇంట్లో ఒకళ్ళైనా క్లీన్‌గా ఉండాలట!

బ్యాలెట్ పోస్టులో వచ్చింది. మా పక్కింటాయన దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. ఆయన బ్యాలెట్ కట్టలా ఉంది. అధ్యక్షుడు, మేయరు, పది రాష్ట్ర ప్రతిపాదనలు, ఇంగ్లీషు ఏ (A) నుంచి ఓ (O) దాకా పదిహేను ఊరి ప్రతిపాదనలు, అందులో సముద్రపు ఒడ్డు రోడ్డు కార్లకి మూసి పార్కు చెయ్యాలా అని ఒకటి. (మా పేటంతా దానిమీద రెండుగా చీలింది. బాబూ, నాకందులో ఓటు లేదని తప్పించుకున్నాను.) నాది ఒక్కటే పోటీ, స్కూల్ బోర్డు. చిన్నది దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ట్రంప్, కమల ఏరీ?" అంది. లేరమ్మా, మీ బడివాళ్ళే అన్నాను. "అయితే మా మిస్ పేరు ఉందా?" అంది. బడి మరమ్మతులకి 79 కోట్ల డాలర్ల బాండు అదే ఎన్నికలో ఉంది, దానిమీద కూడా నాకు ఓటు లేదు. బోర్డుని ఎన్నుకోవచ్చు, బోర్డుకి డబ్బివ్వాలా వద్దా చెప్పకూడదు!

నల్ల పెన్నుతో గుండ్రటి గడులు నింపాలి. మొదటి గడి నింపుతుంటే చెయ్యి వణికిందిరా, ఒట్టు. రంగు గీత దాటకూడదని పిల్ల పక్కనుంచి హెచ్చరిస్తోంది. నాలుగూ నింపి, కవరు మీద సంతకం చేసి, పోస్టులో వెయ్యబుద్ధి కాక ముగ్గురం రైలెక్కి సిటీ హాలుకి వెళ్ళాం. ఏజెంట్లు లేరు, స్లిప్పుల టేబుళ్ళు లేవు, వేలికి సిరా లేదు. నువ్వు చూస్తే ఇది పోలింగేనా అని లేచి వెళ్ళిపోతావు. కవరు పెట్టెలో పడేశాను, అంతే. "నేను ఓటేశాను" అని నాలుగు భాషల్లో రాసిన స్టిక్కరు పిల్ల తన జాకెట్ మీద అంటించేసుకుంది. సుజాత ఫొటో తీసింది గానీ నన్ను ఎక్కడా పెట్టొద్దంది. అందుకే నీకు కూడా పంపలేదు.

ఫలితాలు తేలడానికి రోజులు పట్టింది. జైమీ హ్యూలింగ్, పరాగ్ గుప్తా, సుప్రియా రే, జాన్ జెర్సిన్ గెలిచారు. ఇద్దరు మనవాళ్ళ పేర్లు చూశావా? పాత బోర్డు అధ్యక్షుడు మాట్ అలెగ్జాండర్ ఓడిపోయాడు. మేయరమ్మ కూడా. నేను నింపిన నాలుగింట్లో ఎన్ని గెలిచాయో చెప్పను, ఓటు రహస్యం, ప్రిసైడింగ్ ఆఫీసరు గారు.

ఇదంతా సంతోషంగా రాస్తున్నాను గానీ, 5వ తారీఖు రాత్రి నుంచి ఇంట్లో గాలి మారింది. ట్రంప్ గెలిచాడు కదా. మీ పక్కన వడ్లూరులో ఉషా చిలుకూరి గారి కోసం పూజలు చేశారని పేపర్లో చదివాను, ఊరి ఆడపడుచు మొగుడు ఉపాధ్యక్షుడయ్యాడు, సంతోషమే. మాకిక్కడ నిద్ర పట్టలేదు. నా పేరూ చిరునామా ఉన్న కాగితం ఒకటి సిటీ హాల్లో ఉంది. సుజాత ఏమీ అనదు. అంటే నేనూ ఏదో ఒకటి అనొచ్చు. ఈ నమోదు ఒక్క ఎన్నికకే పనికొస్తుంది, మళ్ళీ ఓటెయ్యాలంటే మళ్ళీ ఆ ఫారమే, ఆ హెచ్చరికే. 2026లో నింపుతానా అంటే... ఏమోరా. ఇవాళ అడిగితే నింపుతాననే అంటాను. నిన్న అడిగుంటే...

అన్నట్టు నీ ఎస్ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) సంగతి సగంలో ఆపేశావు. ఆగస్టు 8న మీ బళ్ళో చేతులెత్తించి ఎన్నిక చేశారు, చైర్మన్ కోసం రెండు పార్టీలూ గేటు దగ్గర తిష్ట వేశాయి, అప్పుడు ఆ ఇడ్లీ బండి ఆవిడ లేచి ఏదో అంది అన్నావు. ఏమంది? ఎవరు గెలిచారు? ఇక్కడ పదకొండుమంది గురించి చదివిన దానికన్నా నాకు ఆవిడ ఏమందో తెలుసుకోవాలని

సుజాత కింద నుంచి కేకేస్తోంది. పిల్లని బర్త్‌డే పార్టీ నుంచి తేవాలి, ఆలస్యమైతే వాళ్ళ వీధిలో పార్కింగ్ దొరకదు. మిగతాది రాత్రికి రాస్తానని అనను, అన్నానంటే సంక్రాంతే. ఇలాగే పంపించేస్తున్నాను. పిన్నిగారికి నమస్కారాలు. మైసూర్‌పాక్ సంగతి ఎవరికీ చెప్పలేదు కదా?

నీ
గవర్నరు