కొత్తగా చేరినవాళ్లు ముందు ఇది చదవండి

అందరికీ, ఫైటింగ్ గేమ్‌లలో "ఏ కాంబో (ఆగకుండా వరుసగా తగిలే దెబ్బలు) నేర్చుకోవాలి" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాస్తున్నాను. కాంబోలు తర్వాత. ముందు ఎదుటివాడు ఎగిరి మీద పడుతుంటే కింద నుంచి కొట్టి దింపడం నేర్చుకోండి, కింది ర్యాంకుల్లో ఊరికే ఎగురుతూ ఉంటారు కాబట్టి ఇదొక్కటి వచ్చినా చాలా మ్యాచ్‌లు గెలుస్తారు.

ఇక స్ట్రీట్ ఫైటర్ 6లో డ్రైవ్ ఇంపాక్ట్ (కాస్త ఆలస్యంగా తగిలే పెద్ద దెబ్బ) తిని ఓడిపోతున్నవాళ్లు వినండి. అది తగలడానికి 26 ఫ్రేములు (ఫ్రేము అంటే తెర మీద వచ్చే ఒక్కో బొమ్మ) పడుతుంది, ఆట సెకనుకి 60 ఫ్రేములు నడుస్తుంది, అంటే అర సెకను కంటే కాస్త తక్కువ. చూసి తిరిగి కొట్టే టైమ్ ఉంది, కానీ మీ ధ్యాసంతా మీరు కొట్టబోయే దెబ్బ మీదే ఉంటే ఆ టైమ్ చాలదు. ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీకి రెండు మూడు రకాల దెబ్బలు రికార్డ్ చేసి, ఏది వస్తుందో తెలియకుండా రాండమ్‌గా పెట్టుకోండి. రోజూ పది నిమిషాలు చాలు. నాకు ఇది నిజంగా పనిచేసింది, మొదటి వారం మాత్రం చాలా చిరాకుగా ఉంటుంది.

ఓడిన మ్యాచ్ రీప్లే తప్పకుండా చూడండి. మీ దెబ్బని వాడు బ్లాక్ చేశాక కూడా మీరు బటన్ నొక్కుతున్నారా? అలా బ్లాక్ అయ్యాక మీరు నాలుగు ఫ్రేములు వెనకబడి ఉన్నప్పుడు, అంటే వాడికంటే అంత ఆలస్యంగా మళ్లీ కదలగలిగినప్పుడు, ఇద్దరూ ఒకే వేగం ఉన్న పంచ్ కొడితే వాడిదే ముందు తగులుతుంది, అక్కడ ఆగి బ్లాక్ చేయాలి.

మీ రీప్లేలు ఇక్కడ పెట్టండి, రాత్రి కూర్చుని చూస్తాను.