తమ్ముడికి, కాగితం వంతెన సంగతి

బోస్టన్ దగ్గర్నుంచి

ఒరే శీనూ,

నువ్వు పాఠాలు చెప్పే హైస్కూలుకి అటల్ టింకరింగ్ ల్యాబ్, అదే పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసుకోడానికి కేంద్రం పెట్టే ల్యాబ్, వచ్చిందనీ, 3డీ ప్రింటరు పాడైతే ఎవరు జవాబు చెప్పాలని తాళం వేసి ఉంచారనీ అమ్మ ఫోన్లో చెప్పింది. 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చే పథకానికి ఈ గతి! సరే, తాళంచెవి కోసం కూర్చోకు.

మొన్న మా ఐదో క్లాసులో రెండు పుస్తకాల దొంతరలు పెట్టి, మధ్య జానెడు సందు వదిలి, తలా ఒక తెల్లకాగితం ఇచ్చాను. వంతెన కట్టి సెంటు నాణేలు నిలబెట్టండి అన్నాను, అంతే. ఊరికే పరిచిన కాగితం నాణేలు పడీపడకముందే కుంగింది. ఒక పిల్ల విసనకర్రలా మడిచింది, గుట్టగా పోసినా నిలిచింది. ఇంకొకడు మడతలు సన్నగా పెట్టి, సందు కూడా తగ్గించి, "నాదే గట్టిది" అన్నాడు. ఆ పిల్ల ఊరుకుంటుందా? "మడతల వల్లనా, సందు తగ్గించావనా?" అంది. వాడు తెల్లమొహం వేశాడు.

ఒకసారికి ఒక్కటే మార్చాలని నేను బోర్డు మీద రాస్తే ఎవరి బుర్రకెక్కుతుందిరా? వాళ్లే అందరికీ ఒకే సందు పెట్టుకుని మళ్లీ మొదలెట్టారు. బరువుకి మడతలు పక్కలకి విచ్చుకుంటున్నాయని కనిపెట్టి టేపు అంటించారు. మడిస్తే కాగితానికి ఎత్తొస్తుంది, అందుకే తేలిగ్గా వంగదు అని చివర్లో చెప్పాను. మన వసారా మీది రేకులకి ఆ వంపులెందుకో మీవాళ్లనీ అడిగి చూడు.

కష్టమల్లా మనం నోరు కట్టుకోవడమే. "కరెక్టేనా టీచర్?" అని మొహంలోకి చూస్తారు. జవాబు నాలిక మీదే ఉంటుంది. అయినా "నాణేలు పెట్టి చూడు" అనాలి.

మసాచుసెట్స్‌లో 2001 నుంచే బడి సైన్సులో ఇంజనీరింగ్ ఉంది. 2013లో వచ్చిన నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్‌తో, అంటే బడిలో సైన్సు ఏం నేర్పాలో చెప్పే ప్రమాణాలతో, ఇంకా చాలా రాష్ట్రాలకి పాకింది. అలాగని అంతా గొప్పగా ఉందనుకోకు. బొమ్మ గీసిచ్చి, అందరిచేతా ఒకే వంతెన కట్టించి, పిల్లలే కనుక్కున్నారనే టీచర్లు ఇక్కడా ఉన్నారు. మన దగ్గరైతే ఇంజనీరింగంటే ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, ర్యాంకు వచ్చాక సంగతి కదా.

పాత పరీక్ష పేపర్లు చాలు. నాణేలు లేకపోతే ఒకే సైజు ఇనుప వాషర్లు తెప్పించు. ఏ పిల్ల ఏం అడిగిందో మాత్రం రాయి. అమ్మకి మోకాలి మందు అయిపోవస్తుంది, చూసుకో. బావ నిన్ను అడిగానన్నారు.

మీ అక్క