కొత్త రూల్‌బుక్కులు వచ్చాయి, మరి మనం కొన్న పాతవాటి సంగతేంటి?

మన టేబుల్‌కి వచ్చేవాళ్ళందరికీ నమస్కారం.

ఈమధ్య షాపులో అందరూ నన్ను అడుగుతున్నది ఒకటే. "అన్నా, డి అండ్ డి కొత్త పుస్తకాలు వచ్చాయంట కదా, మనం తలా ఇంత వేసుకుని కొన్న డిజిటల్ పుస్తకాలు ఇంక పనికిరావా?" జిరాక్స్ మిషన్ పక్కన నిలబడి ఒక్కొక్కరికి ముక్కలుముక్కలుగా చెప్పేకంటే ఒకేసారి రాసేస్తే మేలనిపించింది. డబ్బు సంగతి కూడా ఇందులోనే ఉంది కాబట్టి మధ్యలో వదిలేయకండి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. డి అండ్ డి, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు వేసుకుంటూ అందరూ కలిసి కథ నడిపే ఆట. కథ నడిపించే మనిషిని డి.ఎం. అంటారు, మిగతావాళ్ళకి తలా ఒక పాత్ర. ఇప్పుడు నడుస్తున్న ఐదో ఎడిషన్‌ని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 2014లో తెచ్చింది. దాన్నే సవరించి 2024 సెప్టెంబర్‌లో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, నవంబర్‌లో డంజన్ మాస్టర్స్ గైడ్, 2025 ఫిబ్రవరిలో మాన్‌స్టర్ మాన్యువల్ కొత్తగా వేశారు. మన షాపు డిజిటల్ పుస్తకాలు ఉన్నది డి అండ్ డి బియాండ్ అనే వెబ్‌సైట్‌లో. ఇది 2017లో వేరేవాళ్ళు మొదలుపెట్టింది. విజార్డ్స్‌కి యజమాని అయిన హాస్బ్రో 2022లో 14 కోట్ల 63 లక్షల డాలర్లు పెట్టి కొనుక్కుంది.

ఇక అసలు విషయం. మనం కొన్న 2014 పుస్తకాలు ఎక్కడికీ పోలేదు. షాపు అకౌంట్లో అలాగే ఉన్నాయి, తెరిచి చదువుకోవచ్చు, వాటితో కొత్త పాత్రలు కూడా చేసుకోవచ్చు. పేరు పక్కన 'లెగసీ' అని ఒక ముద్ర పడింది, అంతే. ఆ ముద్ర చూసి చాలామంది టెన్షన్ పడ్డారు. కొత్త పుస్తకంలో ఇదే పేరుతో మారిన రూల్ ఇంకోటి ఉంది అని చెప్పడానికే అది.

అయితే ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2024 ఆగస్టులో, కొత్త హ్యాండ్‌బుక్ రావడానికి కొన్ని వారాల ముందు, పాత మంత్రాలు, మాయా వస్తువులు క్యారెక్టర్ షీట్లలో (పాత్ర వివరాలు ఉండే పేజీల్లో) కొత్త రూల్స్‌కి మారిపోతాయని కంపెనీ ప్రకటించింది. పాతవే కావాలంటే హోమ్‌బ్రూ, అంటే సొంతంగా రాసుకున్న రూల్స్ కింద ఎవరికి వాళ్ళు మళ్ళీ టైపు చేసుకోవాలన్నారు. అంటే డబ్బు పెట్టి కొన్న మంత్రాన్ని మనమే కూర్చుని మళ్ళీ రాసుకోవాలి! ప్రపంచమంతా ఆడేవాళ్ళు గొడవ చేసేసరికి రోజుల్లోనే వెనక్కి తగ్గారు. 2014 హ్యాండ్‌బుక్ ఉన్నవాళ్ళకి పాత మంత్రాలు, వస్తువులు షీట్లలో అలాగే ఉంచుతామని, రెండూ ఉన్నవాళ్ళు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చని చెప్పారు. పాత్ర జాతిని చెప్పే 'రేస్' అన్న చోట 'స్పీసీస్' అని పేరు మార్చడం మాత్రం ఆపలేదు. మీలో కొందరు ఆ మొదటి ప్రకటన దగ్గరే ఆగిపోయారు. రెండోది వచ్చిందన్న సంగతి మన వాట్సాప్ గ్రూపుదాకా రాలేదు.

పుస్తకాలు ఉన్నాయి కాబట్టి ఇబ్బందేమీ లేదా అంటే, ఉంది. అది టేబుల్ మీద వస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. శనివారం బ్యాచ్‌లో ఇద్దరు క్లెరిక్‌లు (దైవశక్తితో గాయాలు మాన్పే పాత్రలు) ఉన్నారనుకోండి, ఇద్దరికీ విజ్డమ్, అంటే వివేకానికి కలిపే అంకె, ప్లస్ మూడు. పక్కవాడు దెబ్బ తిని పడిపోయాడు, ఇద్దరి దగ్గరా హీలింగ్ వర్డ్ అనే గాయం మాన్పే మంత్రం ఉంది. 2014 రూల్ ప్రకారం ఒక నాలుగు ముఖాల పాచిక వేసి మూడు కలుపుతారు, నాలుగు నుంచి ఏడు వరకు వస్తుంది. 2024 ప్రకారం రెండు పాచికలు, ఐదు నుంచి పదకొండు. క్యూర్ వూండ్స్ అనే ఇంకో మంత్రానికీ ఇదే కథ, ఒక ఎనిమిది ముఖాల పాచిక కాస్తా రెండయ్యాయి. ఫోన్‌లో చూస్తే రెండు మంత్రాలూ ఒకే పేరుతో పక్కపక్కనే కనిపిస్తాయి, తేడా ఆ చిన్న లెగసీ ముద్రే. ఒకడు ఒకటి నొక్కుతాడు, ఇంకొకడు రెండోది నొక్కుతాడు, ఆమీద పావుగంట పంచాయితీ. హీలింగ్ పోషన్ తాగడం పాత రూల్‌లో పూర్తి యాక్షన్, అంటే ఆ వంతులో చేసే ప్రధాన పని. కొత్తదాంట్లో బోనస్ యాక్షన్, అంటే దానికి తోడుగా చేసే చిన్న పని. ఇది ఇంకా పెద్ద తేడా. తాగిన చేత్తోనే కత్తి కూడా ఝుళిపించొచ్చన్నమాట.

నాకు కొత్త రూల్స్ నచ్చలేదని కాదు. నిజం చెప్పాలంటే హీలింగ్ పెంచి మంచి పని చేశారు, పాతదాంట్లో క్లెరిక్ ఆడేవాళ్ళని చూస్తే జాలేసేది. ఆయుధాలకి మాస్టరీ అని అదనపు శక్తులు పెట్టినందుకు ఫైటర్ ఆడేవాళ్ళు హుషారుగా ఉన్నారు. కానీ హాఫ్-ఎల్ఫ్, హాఫ్-ఓర్క్ జాతులు కొత్త హ్యాండ్‌బుక్‌లో లేవు. కొత్త మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఓర్క్‌లకి విడిగా పేజీ లేదు. మన శనివారం కథలో సగం శత్రువులు వాళ్ళే! ఆ కథకి పాత పుస్తకం ఉండి తీరాలి.

అందుకని శనివారం కథ అయిపోయేదాకా 2014 రూల్స్‌తోనే నడుస్తుంది. మధ్యలో మార్చను. ఎవరి షీట్‌లోనైనా కొత్త మంత్రం కనబడితే తీసేసి లెగసీది పెట్టుకోండి, రాకపోతే నా దగ్గరికి తెండి. ఆదివారం సాయంత్రం మొదలుపెట్టబోయే కొత్త కథ మాత్రం 2024 రూల్స్‌తో. పాత సబ్‌క్లాస్‌లు (క్లాస్ అంటే పాత్ర రకం, సబ్‌క్లాస్ అందులో ఉపరకం), పాత కథలు కొత్త రూల్స్‌తో ఆడుకోవచ్చని కంపెనీయే చెప్పింది కాబట్టి, ఆదివారం ఎవరైనా పాత పుస్తకంలోని సబ్‌క్లాస్ కావాలంటే ఒప్పుకుంటాను. ఒకే పేరుతో రెండు రూపాలుంటే మాత్రం కొత్తదే. దీని మీద వాదన వద్దు. మీరు గెలిచినా నేను ఒప్పుకోను.

ఇప్పుడు డబ్బు సంగతి. శనివారం బ్యాచ్ మొదలైనప్పుడు తలా కొంత వేసుకుని షాపు అకౌంట్లో పుస్తకాలు కొన్నాం. నేను మాస్టర్ టియర్ సబ్‌స్క్రిప్షన్ కడుతున్నాను కాబట్టి అవి మీ అందరి ఫోన్లలో కనిపిస్తున్నాయి. సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే ఆ పుస్తకాలు నా అకౌంట్లో నాకు ఉంటాయి, మీకు కనబడడం మాత్రం ఆగిపోతుంది. ఈ ఏర్పాటు ఇలా ఉంటుందని అప్పట్లో అందరికీ చెప్పాను, అయినా ఇప్పుడు కొందరికి ఉద్యోగాలు వచ్చి బెంగళూరు, హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు. "అన్నా, నా వంతు పుస్తకం నా అకౌంట్లోకి మార్చిస్తావా?" అని అడుగుతున్నారు. మార్చడానికి వీల్లేదు. అక్కడ మనం కొన్నది చదువుకునే హక్కు, అది ఒక అకౌంట్‌కే కట్టేసి ఉంటుంది. కాలిఫోర్నియాలో ఈ విషయం మీద చట్టమే చేశారు. 2025 జనవరి నుంచి డిజిటల్ సరుకు అమ్మేవాళ్ళు, అది లైసెన్స్ మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా ఊరికే 'కొనండి' అని రాయకూడదు.

డబ్బు తిరిగి ఇమ్మంటే నా వల్ల కాదు. టేబుల్ చార్జీల్లోంచి కరెంటు బిల్లు, సబ్‌స్క్రిప్షన్ పోగా మిగిలేది టీ ఖర్చుకే సరిపోతుంది. షాపు నడిచేది జిరాక్స్ మీద, బైండింగ్ మీద, ఈ ఆట మీద కాదు. నేను చేయగలిగింది ఒకటుంది. అప్పట్లో డబ్బు వేసిన ప్రతి ఒక్కరికీ, వాళ్ళు వేసిన మొత్తం తీరేదాకా టేబుల్ చార్జీ తీసుకోను. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు పండక్కి వచ్చినప్పుడు ఆడుకోవచ్చు, లేదా ఆ లెక్క మీ తమ్ముడికో చెల్లెలికో రాసిమ్మన్నా రాసిస్తాను. ఎవరు ఎంత వేశారో నా నోట్‌బుక్‌లో ఉంది, వచ్చి చూసుకోండి.

ఇకమీదట డిజిటల్ పుస్తకాలకి చందాలు వేసుకోవడం లేదు. కొత్త హ్యాండ్‌బుక్ డిజిటల్ కాపీ 29.99 డాలర్లు, అంటే మన డబ్బుల్లో రెండున్నర వేల పైమాటే. మూడు పుస్తకాలకీ లెక్కేసుకోండి. అంత పెట్టేటప్పుడు ఎవరి అకౌంట్లో వాళ్ళు కొనుక్కుంటే రేపు నాతో పని ఉండదు. షాపు కోసం మూడు కొత్త పుస్తకాలూ అచ్చువే తెప్పించాను. మీ దగ్గర పైసా తీసుకోను. ఉగ్గాని, బజ్జీ తిన్న చేత్తో ముట్టుకున్నవాళ్ళ దగ్గర మాత్రం తీసుకుంటాను.

అచ్చు పుస్తకం మీద ఈ మోజేంటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. డిజిటల్ పుస్తకం మనం చూడకుండానే మారుతుంది. 2021 డిసెంబర్‌లో ఎర్రాటా (తప్పుల సవరణ) పేరుతో కొన్ని పుస్తకాల్లోంచి పేరాలకి పేరాలు తీసేశారు, డి అండ్ డి బియాండ్‌లో కొన్నవాళ్ళ కాపీల్లోనూ అవి పోయాయి. తీసేసినవి మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ, తీసేయడానికి కారణాలు వాళ్ళకున్నాయి. బీరువాలో ఉన్న పుస్తకంలోంచి మాత్రం ఎవరూ పేరా తీయలేరు. అంతకుముందు 2009 ఏప్రిల్‌లో ఇదే కంపెనీ తన పి.డి.ఎఫ్. అమ్మకాలన్నీ ఒక్కసారిగా ఆపేసింది. అప్పటికే కొని, ఇంకా డౌన్‌లోడ్ చేసుకోనివాళ్ళు ఇబ్బంది పడ్డారు. నాలుగో ఎడిషన్ ఆన్‌లైన్ టూల్స్ అయితే 2020 మొదట్లో పూర్తిగా మూతపడ్డాయి. నెలనెలా కట్టి వాడుకున్నవి కాబట్టి వెనక్కి అడగడానికి కూడా ఏమీ మిగల్లేదు.

పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట ఆడే నలుగురికీ ఇంత గొడవ లేదు. 2019 నాటి రెండో ఎడిషన్‌ని పైజో కంపెనీ 2023 నవంబర్ నుంచి రీమాస్టర్ పేరుతో కొత్త పుస్తకాలుగా వేసింది. ఆ ఏడాది జనవరిలో విజార్డ్స్, తన రూల్స్‌ని వేరేవాళ్ళు వాడుకోనిచ్చే పాత ఓపెన్ లైసెన్స్‌ని మార్చబోతే పెద్ద రగడ జరిగింది కదా, దాంతో ఆ లైసెన్స్ మీద ఆధారపడడం మానేద్దామని పైజో చేసిన పని ఇది. అందుకే అలైన్‌మెంట్లు (పాత్ర మంచిదా చెడ్డదా అని చెప్పే గుర్తులు) పోయాయి, మంత్రాల స్కూళ్ళు, అంటే వర్గాలు, పోయాయి. మీరు కొన్న పాత పి.డి.ఎఫ్.లు మీవే, డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. రూల్స్ మాత్రమే చూడాలంటే ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే వెబ్‌సైట్‌లో పాతవీ కొత్తవీ ఉచితంగా ఉన్నాయి, కొనక్కర్లేదు.

ఆ 2023 రగడ వల్ల మనకి ఒక మేలు కూడా జరిగింది. కంపెనీ వెనక్కి తగ్గి, 2014 రూల్స్‌లోని ముఖ్యభాగాన్ని ఎస్.ఆర్.డి. (సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్) 5.1 పేరుతో, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇచ్చేసింది. దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. 2024 రూల్స్‌తో ఎస్.ఆర్.డి. 5.2 కూడా 2025 ఏప్రిల్‌లో అలాగే వచ్చింది. వాటిలో పన్నెండు క్లాసులూ ఉంటాయి, ఒక్కో క్లాసుకి ఒక్కో సబ్‌క్లాస్, బోలెడన్ని మంత్రాలు, రాక్షసులు. మొదలుపెట్టేవాళ్ళకి ధారాళంగా సరిపోతుంది. వీటిని ఎన్ని కాపీలైనా ప్రింట్ తీసి బైండింగ్ చేసిస్తాను, మీరు కట్టేది కాగితం ఖర్చే. ఎవరి రచనో చెప్పే పేజీ మాత్రం లోపల ఉండాలి, అది లైసెన్స్ షరతు. అంతేగానీ, టెలిగ్రామ్‌లో దొరికిన హ్యాండ్‌బుక్ పి.డి.ఎఫ్. తెచ్చి "అన్నా, ఒక్క కాపీ" అని మొహమాట పెట్టకండి. జె.ఎన్.టి.యు. పిల్లలకి కూడా ఇదే చెప్తున్నాను, లెక్చరర్లకి కూడా ఇదే చెప్తున్నాను.

ఇంకొక్క చిన్న వర్గం మిగిలింది. పుస్తకం మొత్తం కొనలేక ఒక్క సబ్‌క్లాసో ఒక్క ఫీటో (పాత్రకి వచ్చే అదనపు నైపుణ్యం) విడిగా కొనుక్కున్న కాలేజీ పిల్లలు. అలా విడివిడిగా అమ్మడం 2024లోనే ఆపేశారు, ఇప్పుడు కొంటే పుస్తకం మొత్తం కొనాలి. మీరు అప్పట్లో కొన్న ముక్కలు మాత్రం మీ అకౌంట్లోనే ఉంటాయి. ఉచిత అకౌంట్‌లో ఆరు పాత్రలకే చోటు, కాబట్టి ఆడనివి తీసేసుకోండి.

చివరగా ఒక పని. శనివారం బ్యాచ్ వాళ్ళందరూ మీ క్యారెక్టర్ షీట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, పి.డి.ఎఫ్. షాపు వాట్సాప్‌కి పంపండి. ప్రింట్ నేనే ఉచితంగా తీసి పెడతాను, ఒక కాపీ మీకు, ఒక కాపీ నా ఫైల్లో. పంపేముందు హీలింగ్ వర్డ్ దగ్గర ఎన్ని పాచికలు ఉన్నాయో ఒకసారి చూసుకోండి. శుక్రవారం మధ్యాహ్నంలోపు అందాలి. సాయంత్రం నుంచి ప్రింటర్ పెళ్ళి కార్డుల పనిలో ఉంటుంది, ఆ తర్వాత వచ్చినవాటికి నేను హామీ ఇవ్వను.