ఊడుస్తా, ఏడుస్తా

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఎంతైనా తిట్టుకో, గొడుగు సంగతి మాత్రం మళ్లీ ఎత్తకు. అమ్మ మోకాలు నయం. నా ట్రాన్స్‌ఫర్ ఇంకా తేలలేదు. కబుర్లు అంతే, అసలు సంగతి విను.

ఇంగ్లీషు కవి విలియం బ్లేక్ పద్యం 'ది చిమ్నీ స్వీపర్' గుర్తుందా? 1789లో వచ్చింది. పరీక్షలో "పాపం పసివాడు" అని రాసి మార్కులు కొట్టేశామే, అదే. లండన్‌లో పొగగొట్టాల్లోకి దూరి మసి దులిపే కుర్రాడి గోడు. అమ్మ చచ్చిపోయింది, నాన్న అమ్మేశాడు. అప్పటికింకా నోరు తిరగని వయసు. వీధిలో "స్వీప్, స్వీప్" అని అరవాల్సినవాడి నోట "వీప్, వీప్" అని వస్తుంది. ఊడుస్తానని చెప్పబోయి ఏడుస్తానంటాడు. ఒక్క 'స' జారిపోయిందంతే! ఇక్కడిదాకా మన అర్ధసున్న మాస్టారూ చెప్పారులే.

ఆయన చెప్పనిది ఆ తర్వాతి పాదం. రాత్రి పైకి చదువుకుంటుంటే తగిలింది: "సో యువర్ చిమ్నీస్ ఐ స్వీప్, అండ్ ఇన్ సూట్ ఐ స్లీప్." అందుకే మీ పొగగొట్టాలు దులుపుతా, మసిలో పడుకుంటా అని. సో, స్వీప్, సూట్, స్లీప్. లెక్కపెట్టు! పలకలేని ఆ 'స'తోనే నాలుగు మాటలు మొదలయ్యాయి. అంటే ఈలోగా వాడికి నోరు తిరిగిందిరా, మసిలో పడుకుంటూనే. పైగా ఆ 'స'లన్నీ వరసగా వింటే బ్రష్షుతో గోడ గీకుతున్నట్టుంది. బ్లేక్ కావాలనే చేశాడా? ఏమో. నాకు వినబడింది, ఇక వదలను.

ఇంకోటి, ఆ "యువర్". మీ పొగగొట్టాలు. తిట్టు కాదు, మామూలుగా అనేశాడు, అందుకే చురుక్కుమంది. ఎనిమిదేళ్లు నిండనివాళ్లను ఈ పనిలో పెట్టకూడదని అక్కడ 1788లోనే చట్టం వచ్చింది తెలుసా? ఆ మరుసటేడే ఈ పద్యం. ఎనిమిదేళ్లవాడికి నోరు తిరగకపోవడమేమిటి?

సరే, తెలుగు చేద్దామని కూర్చున్నా. "మసి దులుపుతా" అంటే అర్థం సరిపోయింది, ఏడుపు రాలేదు. అర్ధరాత్రి దాటాక తట్టింది: ఊడుస్తా, ఏడుస్తా! మంచం మీంచి లేచిపోయాను. ప్రాస కూడా దానంతటదే పడింది. యతి కుదరదని నువ్వు నస పెట్టకముందే ఒప్పుకుంటున్నా.

కానీ పొద్దున లేచి చూస్తే అనుమానం. 'స' పలకలేని పిల్లలుంటారు, 'ఊ' అనలేని పిల్లాడుంటాడా? కథ వింటూ ఊ కొట్టేవాడే కదా! అక్కడ అక్షరం జారిపోయింది, ఇక్కడ నేను మార్చినట్టయింది. పైగా పొగగొట్టాన్ని ఎవడు ఊడుస్తాడు? అయినా చెరిపేయబుద్ధి కావట్లేదు. నీకేమైనా తడితే వెంటనే రాయి, నా కంటే నీ చెవి మంచిది (పాడనంతసేపు).

పద్యంలో ఇంకో కుర్రాడు టామ్ డేకర్‌కి గుండు గీసే చోట కూడా ఒక తమాషా ఉంది, గొర్రెపిల్ల వీపులాంటి ఆ ఉంగరాల జుట్టు ఉంది చూడూ... అబ్బా, పోస్టు డబ్బా తీసే వేళయింది, మిగతాది రేపు

నీ
సూరి