ఒంగోలు ఆవుకు ఒంగోలు సూదే వేయించండి

సంపాదకులకు,

‘ఒంగోలు ఆవుకు సూది (కృత్రిమ గర్భధారణ) వేస్తే చూలు నిలవదు, జెర్సీ అయితే ఇట్టే కడుతుంది’ అనే మాట గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో పాతుకుపోయింది. తప్పు వీర్యానిది కాదు, వేళది. నాటు ఆవుకు ఎద (ఎద్దును కోరే వేళ) పది పన్నెండు గంటలే. చాలాసార్లు రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి పోతుంది. సంకర ఆవులా అరిచి గోల చేయదు. తీగలా సాగే జిగురు, తోకకు ఎండి అంటుకున్న మరక, మరో పశువు మీదికెక్కితే కదలకుండా నిలబడటం: ఇవే గుర్తులు. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు కొట్టంలోకి వెళ్ళి చూడాలి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు తెల్లవారగానే సూది పడాలి. తీరిగ్గా మర్నాడు మధ్యాహ్నం, ఊళ్ళో సూది వేసే గోపాలమిత్రకు ఫోన్ చేస్తే పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది.

వేళ సరిపోయినా స్ట్రా (గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్న గొట్టం) చెడిపోవచ్చు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉండే స్ట్రాను 37 డిగ్రీల నీళ్ళలో అర నిమిషం ఉంచి కరిగించాలి. చొక్కా జేబులో పెట్టినా, అరచేతుల్లో రుద్దినా, వెతుకుతూ కంటైనర్ మూతిపైకి పదేపదే ఎత్తినా వీర్యకణాలు చస్తాయి. ఎండాకాలంలో నైట్రోజన్ నింపడం ఆలస్యమైతే నిల్వ మొత్తం పోయినట్టే. పైకి చూస్తే మాత్రం ఏ తేడా తెలియదు.

స్ట్రా మీద జాతి, ఆంబోతు నంబరు అచ్చువేసి ఉంటాయి. కరిగించకముందే చదివించుకుని పుస్తకంలో రాసుకోండి. అదే ఆంబోతు వీర్యం దాని కూతురికే పడితే బలహీనమైన దూడలు పుట్టే ప్రమాదం ఉంది. ‘ఒంగోలు లేదు, జెర్సీ వేస్తా’ అంటే ఒప్పుకోవద్దు. 21 రోజులు ఆగితే మళ్ళీ ఎద వస్తుంది. తొందరపడితే పుట్టే పెయ్యలో ఒంగోలు రక్తం సగమే. అక్కడినుంచి ఒంగోలు వీర్యంతోనే కట్టిస్తూ పోతే 75, 87.5, 93.75 శాతం. ఆ మూడు తరాలకు పదేళ్ళు పడుతుంది.

2012 నుంచి 2019 పశుగణన నాటికి దేశంలో నాటు పశువులు 6 శాతం తగ్గాయి, సంకర, విదేశీ పశువులు 27 శాతం దాకా పెరిగాయి. పాల లెక్కే చూస్తే రైతును తప్పుపట్టలేం. కానీ పక్కనే లాం ఫారంలో (పశు పరిశోధన స్థానంలో) ఒంగోలు జాతిని సాకుతూ, ఊళ్ళో అడిగిన రైతుకు ఆ స్ట్రా దొరకకపోతే ఎలా? ఒకప్పుడు దేవుడికి వదిలిన ఆంబోతు ఈ పని చేసేది, ఇప్పుడు ఆ ఆధారమూ లేదు. ప్రతి పశువైద్యశాల గోడ మీద ఆ వారం ఉన్న ఒంగోలు స్ట్రాల సంఖ్య, ఆంబోతు నంబర్లు, చివరిసారి నైట్రోజన్ నింపిన తేదీ రాసి పెట్టాలని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గుంటూరు