‘స్టేబుల్ హైడ్రోజెల్’ అని అమ్మిన స్లైడ్లు ఒక్క రన్ కూడా తట్టుకోవడం లేదు, డబ్బు వాపసు ఇవ్వండి

కస్టమర్ సపోర్ట్ వారికి, జెల్ కోటింగ్ తయారుచేసే టీమ్ వారికి,

విషయం: డీఎన్ఏ సీక్వెన్సింగ్ స్లైడ్ల మీద జెల్ ఊడిపోవడం, మా ఫిర్యాదును మీరు మధ్యలోనే మూసేయడం

నమస్తే. సూటిగా విషయానికొస్తాను. డీఎన్ఏ అక్షరాలు చదవడానికి (సీక్వెన్సింగ్‌కు) మీరు అమ్మే పాలీఅక్రిలమైడ్ జెల్ పూసిన గాజు స్లైడ్ల కొత్త లాట్‌లో మాకు ఒక్కటీ పనికిరాలేదు. రన్ సగం కాకముందే అంచుల దగ్గర జెల్ పాల మీద మీగడలా లేచి వచ్చేస్తోంది, మధ్యలో మిగిలింది ఉబ్బిపోయి కెమెరా ఫోకస్ తప్పిస్తోంది. పాత లాట్ ఇదే మెషీన్ మీద, ఇవే బఫర్లతో (పీహెచ్ మారకుండా ఉంచే ఉప్పు ద్రావణాలతో), చివరిదాకా శుభ్రంగా నడిచింది. మరి మారింది ఏమిటో మీరే చెప్పాలి.

మీ సపోర్ట్ వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, స్లైడ్లను 4 డిగ్రీల దగ్గర పెట్టారా అని. పెట్టాం, ఫ్రిజ్ రికార్డు కూడా పంపాం. తర్వాత ‘మీ ప్రోటోకాల్ మార్చి చూడండి’ అన్నారు. ఆ తర్వాత ‘సమస్య పరిష్కారమైంది’ అని టికెట్ క్లోజ్ చేశారు. ఎవరి సమస్య పరిష్కారమైందో మాకైతే అర్థం కాలేదు!

గాజు మీద జెల్ ఎందుకు వేస్తారో మీకు చెప్పాల్సిన పని లేదు గానీ, మీ జవాబులు చూశాక చెప్పాలనే అనిపిస్తోంది. ఉత్త గాజు మీదకంటే జెల్ పొరలో ప్రైమర్లు (డీఎన్ఏ కాపీని మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) చాలా ఎక్కువ పడతాయి, ఒక్క డీఎన్ఏ అణువు నుంచి పుట్టిన కాపీలన్నీ చెదిరిపోకుండా ఒకేచోట గుంపుగా ఉంటాయి. 1999లోనే శాస్త్రవేత్తలు రాబ్ మిత్రా, జార్జ్ చర్చ్ పలుచటి పాలీఅక్రిలమైడ్ పొరలో పీసీఆర్ (డీఎన్ఏకు కాపీలు తీసే పద్ధతి) చేసి, కాపీలు ఇలా ఒకేచోట ఉంటాయని చూపించారు. ఒక్కో సైకిల్‌కు ఒక్కో అక్షరం కలుపుతాం, ఫోటో తీస్తాం, కడుగుతాం, మళ్ళీ మొదలు. ఈ ఫోటోకీ వచ్చే ఫోటోకీ మధ్య, ఆ కాపీల గుంపు కనిపించే చుక్క పక్కకు జరిగిందంటే ఆ చోట చదివినదానికి విలువ లేదు. కాబట్టి జెల్ కదలకుండా ఉండటమే ఈ సరుకుకు అసలు పని, మిగతావన్నీ దాని తర్వాతే.

ఇప్పుడు మీ డేటాషీట్ సంగతి. స్టేబుల్ అని పెద్ద అక్షరాల్లో వేశారు, కింద చిన్న అక్షరాల్లో చూస్తే ఆ పరీక్ష చేసింది గది ఉష్ణోగ్రత దగ్గర, పీహెచ్ 7 బఫర్‌లో. అలా సీక్వెన్సింగ్ చేసేవాళ్ళు ఎవరండీ? మా పనిలో 60 డిగ్రీల వేడి ఉంటుంది, డీఎన్ఏ పోగులను వదులు చేసే ఫార్మమైడ్ ఉంటుంది, డీఎన్ఏ జంట పోగులను విడదీయడానికి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, అంటే పీహెచ్ దాదాపు 13. సీక్వెన్సింగ్ కోసమే అని మీరే అమ్ముతున్నారు కాబట్టి ఇవేవీ మీకు తెలియని విషయాలు కావు.

మేం ఊరికే తిట్టడం లేదు, తేడా ఎక్కడుందో చూసుకునే రాస్తున్నాం. కొత్త లాట్ స్లైడ్లనే పీహెచ్ 7 బఫర్‌లో 60 డిగ్రీల దగ్గర ఉంచితే ఏమీ కాలేదు. సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగితే మాత్రం అంచులు లేచాయి. ప్రైమర్లకు అతుక్కునే, వెలిగే (ఫ్లోరసెంట్) డీఎన్ఏ పోగులు వేసి చూస్తే, ఊడకుండా మిగిలిన జెల్ ఎప్పటిలాగే వెలిగింది. అంటే ప్రైమర్లు జెల్‌ను వదలడం లేదు, జెల్ గాజును వదిలేస్తోంది.

మా అనుమానం ఇదీ. క్షారంలో అక్రిలమైడ్‌లోని అమైడ్ గుంపులు కొన్ని విరిగి కార్బాక్సిలేట్లు అవుతాయి, దాంతో జెల్‌కు రుణావేశం వస్తుంది. అలాంటి జెల్ ఉప్పు తక్కువున్న బఫర్‌లో ఉబ్బుతుంది, ఎక్కువున్నదాంట్లో ముడుచుకుంటుంది. కింద గాజుకు అతికి ఉంది కాబట్టి పక్కలకు పెరగలేదు, పైకే లేవాలి, ఆ లాగుడంతా గాజుకూ జెల్‌కూ మధ్య ఉన్న సైలేన్ బంధాల మీద పడుతుంది. ఆ బంధాలూ క్షారానికి లొంగేవే. పైగా డీఎన్ఏకు కూడా రుణావేశమే కాబట్టి అలాంటి జెల్ దాన్ని దగ్గరికి రానివ్వదు, అది ఇంకో నష్టం. క్రాస్‌లింకర్ (జెల్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే పదార్థం) పెంచేస్తే సరిపోతుందని మీ ఇంజనీర్ ఫోన్‌లో అన్నారు గానీ, అది పెంచితే రంధ్రాలు చిన్నవై ఎంజైమ్ లోపలికి వెళ్ళడమే కష్టమవుతుంది. అమైడ్ తేలిగ్గా విరగని డైమిథైల్ అక్రిలమైడ్ లాంటివి సన్నటి గొట్టాల్లో డీఎన్ఏ చదివే క్యాపిల్లరీ సీక్వెన్సింగ్ వాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్నారు, ఇందులో రహస్యమేమీ లేదు.

మాది పెద్ద కంపెనీ కాదు, హైదరాబాద్ శివార్లలో జీనోమ్ వ్యాలీ పక్కన ఉన్న చిన్న ల్యాబ్. స్లైడ్ల ధరకంటే వాటి మీద పోసిన ఎంజైములకూ, రంగు న్యూక్లియోటైడ్లకూ (రంగు తగిలించిన డీఎన్ఏ అక్షరాలకూ) అయిన ఖర్చే ఎక్కువ, అదైతే మీరు ఎలాగూ ఇవ్వరు. కనీసం ఈ లాట్ మొత్తానికి డబ్బు వాపసు ఇవ్వండి, కొత్త స్లైడ్లు ఇస్తామనే మాట వద్దు. సైలేన్ మార్చారా, మోనోమర్ (జెల్‌కు ముడిసరుకు) సప్లయర్‌ను మార్చారా, అదీ రాతపూర్వకంగా చెప్పండి. ఇకముందు ఏ లాట్ పంపినా సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగిన తర్వాత జెల్ మందం, ఫ్లోరసెన్స్ ఎంత మిగిలిందో దాని రిపోర్టు పెట్టెలోనే పెట్టండి. అప్పటిదాకా ఆ స్టేబుల్ అన్న మాట డేటాషీట్ నుంచి తీసేయండి.

ఊడిన స్లైడ్లు పారేయలేదు. ఎండితే జెల్ పగిలిపోయి ఏమీ తేలదు కాబట్టి బఫర్‌లో తడిగానే ఉంచాం. మీ కొరియర్‌ను పంపితే ఇచ్చేస్తాం, ఐస్ ప్యాక్ ఖర్చు మాత్రం మీదే.

ఇట్లు,
మీ పాత కస్టమర్