చమురు ధర మండినప్పుడు ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి?

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. చమురు మండిపోతుంటే ప్రభుత్వం రేటు పెరగకుండా ఆపేస్తే పోదా అని అడిగావు. ఎవరికైనా ముందు తోచేది అదేరా. కానీ సరుకే తక్కువైనప్పుడు బంకు బోర్డు మీద అంకెని కదలనివ్వకపోతే కొరత తీరదు, క్యూ అయి రోడ్డెక్కుతుంది.

1973 సంగతే చూడు. అక్టోబరులో అరబ్ దేశాలు సరఫరా బిగించాయి. బ్యారెల్ 3 డాలర్ల దగ్గరున్న చమురు 1974 జనవరికల్లా 12కి దగ్గరైంది. అమెరికాలో అధ్యక్షుడు నిక్సన్ పెట్టిన ధరల నియంత్రణ 1971 నుంచే ఉంది. దాని మీద పాత బావుల చమురుకి 5.25 డాలర్ల కట్టుబాటు ధర, కొత్త బావులదానికి మార్కెట్ ధర అన్నారు. ఇక పాత బావి నుంచి ఇంకో బ్యారెల్ తోడటానికి ఎవడు ఖర్చు పెడతాడు చెప్పు?

తర్వాత నంబరు ప్లేటుని బట్టి సరి-బేసి రోజులొచ్చాయి. ఇక్కడో చిన్న లెక్క వెయ్యి. కోటి బళ్లున్నాయనుకో, ఒక్కోదానికి 50 లీటర్ల ట్యాంకు. మామూలప్పుడు సగటున సగం నిండి ఉంటుంది. మళ్లీ దొరకదేమోనన్న భయంతో అందరూ ముప్పావు ట్యాంకు ఉంచుకోవడం మొదలుపెడితే బండికి 12.5 లీటర్లు ఎక్కువ. మొత్తం 12.5 కోట్ల లీటర్లు బంకుల్లోంచి ట్యాంకుల్లోకి వెళ్లి కూర్చుంటాయి. ఎవరూ ఒక్క కిలోమీటరు కూడా ఎక్కువ తిరగలేదు, అయినా బంకులు ఎండిపోయాయి! 'ఈ రోజు నీ వంతు' అనగానే అవసరం లేనివాడు కూడా వచ్చి నింపుకుంటాడు. అందుకే సరి-బేసి పెడితే దానితోపాటు సగం కన్నా తక్కువున్న ట్యాంకుకే పోస్తామన్న షరతూ ఉండాలి. అది లేకపోతే క్యూ ఇంకా పెరుగుతుంది.

పన్ను తగ్గించడం ఇంకో దారి. జర్మనీ 2022 జూన్ నుంచి ఆగస్టు దాకా మూడు నెలలు పెట్రోలు మీద లీటరుకి సుమారు 35 యూరో సెంట్లు తగ్గించింది. ఇందులో లోపం ఒక్కటే, కానీ పెద్దది: లీటరుకింత అని ఇచ్చే సాయం ఎక్కువ తాగే బండికే ఎక్కువ ముడుతుంది. బండే లేనివాడికి నేరుగా వచ్చేది సున్నా.

అదే జర్మనీ గ్యాసు విషయంలో చేసింది నాకు చాలా నచ్చింది. అంతకుముందు వాడకంలో 80 శాతానికి యూనిట్ (కిలోవాట్-గంట) 12 సెంట్ల చొప్పున పడేలా సాయం, మిగతాదానికి పూర్తి ధర. ఏడాదికి 20,000 యూనిట్లు వాడే ఇల్లు తీసుకో, బయట ధర 20 సెంట్లు అనుకుందాం. తేడా 8 సెంట్లు, 16,000 యూనిట్లకి 1,280 యూరోలు. అసలు కిటుకు ఏమిటంటే, ఈ 1,280 మారదు. పొదుపు చేసి 12,000 యూనిట్లే వాడితే బిల్లు 2,400 లోంచి 1,280 పోను 1,120 కడతారు. ఎప్పట్లాగే 20,000 వాడితే 2,720. అంటే ఆపిన ప్రతి యూనిట్‌కీ పూర్తి 20 సెంట్లు మిగులుతాయి. ఇంట్లోవాళ్లు మునిగిపోరు, పొదుపు చెయ్యాలన్న ఆలోచనా చావదు. అయితే మొదట్నుంచీ ఎక్కువ వాడే పెద్ద బంగళాలకి సాయమూ ఎక్కువే వెళ్లింది. దానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టాల్సిందని నా అభిప్రాయం.

సబ్సిడీ ఎత్తెయ్యాల్సి వస్తే వరస చాలా ముఖ్యం. నైజీరియా 2012 జనవరి 1న పెట్రోలుని 65 నైరాల నుంచి ఒక్కసారిగా 141కి పెంచింది. జనం చేతికి అంతకుముందు ఏమీ రాలేదు. సమ్మెతో దేశం స్తంభించింది, 16వ తేదీకల్లా 97కి దిగొచ్చారు. ఇరాన్ 2010లో దీన్ని తిరగేసి చేసింది. ముందు ఇళ్లవాళ్ల చేత బ్యాంకు ఖాతాలు తెరిపించారు, తర్వాత వాటిలో డబ్బు వేసి తియ్యకుండా ఆపారు, డిసెంబరులో ధర పెంచినప్పుడు ఆ డబ్బు వదిలారు. తమ పేరున డబ్బు పడి ఉందని కళ్లారా చూశాక జనం ధరని ఓర్చుకున్నారు. తర్వాత దెబ్బతిన్నది ఎక్కడంటే, మనిషికి నెలకి 4,55,000 రియాళ్లు అన్నది అలాగే ఉండిపోయింది, ద్రవ్యోల్బణం దాన్ని తినేసింది. ధరల సూచీతో ముడిపెట్టని నగదు సాయం రెండు మూడేళ్లకే పలచబడిపోతుందిరా.

అత్యవసర నిల్వల గురించి కూడా అడిగావు. అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్యదేశాలు నికర దిగుమతుల్లో 90 రోజులకి సరిపడా ఉంచాలి. అమెరికా తన నిల్వని టెక్సస్, లూసియానాల్లో భూమిలోపలి ఉప్పు గుహల్లో దాస్తుంది. అడుగుకి మంచినీళ్లు పంపితే చమురు పైకి తన్నుకొస్తుంది. ఆ నీళ్లే గుహ గోడల ఉప్పుని కరిగిస్తాయి, కాబట్టి ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు తోడలేం. 2022లో ఆరు నెలల్లో 18 కోట్ల బ్యారెళ్లు వదలాలని నిర్ణయించారు. సరఫరా నిజంగా తెగినప్పుడు ఇది ప్రాణం నిలబెడుతుంది. ఎన్నికల ముందు రేటు దించడానికి వాడితే మాత్రం తిరిగి కొనేసరికి ఖజానా మీద పడొచ్చు.

డెన్మార్క్ చేసింది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. 1973లో వాళ్ల ఇంధనంలో 90 శాతం పైగా దిగుమతి చమురే. 1986లో ధర కుప్పకూలితే ఆ లాభాన్ని జనానికి వదిలెయ్యకుండా చమురు మీద పన్ను పెంచారు. దాంతో ఇళ్లకి చలి చొరకుండా చేయించుకున్నవాళ్ల ఖర్చు వృథా కాలేదు, గాలిమరల పని ఆగలేదు. నువ్వు రాస్తానన్న వ్యాసంలో దీనికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వు. ధర పడ్డ ఏడాది ఇలాంటి పన్ను వేసే ధైర్యం చేసిన ప్రభుత్వాలు చాలా తక్కువ.

ఉంటాను మరి,
నీ వేణు